192 మంది గుమాస్తాలు, ఒక్కటే ఉద్దెర పుస్తకం

ఈ టపా ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీ గురించి. ఆ మాట వినగానే సగం మంది పారిపోతారని తెలుసు :) కాస్త ఆగండి. మా నాయిన కిరాణా దుకాణం గురించి కూడా చెప్తాను. నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి కూడా. మూడూ కలగలిసిపోయిన కథ, విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు.

మాది నారాయణఖేడ్. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, 2016 దాకా మెదక్ జిల్లా. ఆఫీసులో ఎవరికైనా చెప్తే "అదెక్కడ?" అంటారు. బీదర్ వైపు అంటే మాత్రం అర్థమవుతుంది. అటు కర్ణాటక, ఇంకొంచెం పోతే మహారాష్ట్ర. మా దుకాణానికొచ్చే గిరాకీ తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగింట్లోనూ బేరమాడేది. నాయినకు నాలుగూ వచ్చు. కానీ లెక్క మాత్రం ఒక్కచోటే ఉండేది. ఎర్ర అట్ట ఉద్దెర పుస్తకం.

మా దగ్గర అప్పట్లో నగదు బేరం తక్కువ. పత్తి అమ్మినాక, కందులు అమ్మినాక బాకీ కట్టేవాళ్ళే ఎక్కువ. కాబట్టి అరకిలో చక్కెర ఇచ్చినా పుస్తకంలో ఎక్కాల్సిందే. నాయిన ఒక్కడే ఉన్నన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. 1994లో బేరం పెరిగిందని ముగ్గురు పిల్లగాళ్ళను పెట్టుకున్నాడు. నాలుగు కాంటాలు, నలుగురు మనుషులు. వరస నాలుగింతల వేగంగా కదలాలి కదా?

కదల్లేదు. అంగడి రోజు అయితే ఇంకా ఘోరం. ముగ్గురు పిల్లగాళ్ళూ పొట్లాలు కట్టేసి, చేతిలో పట్టుకుని, పుస్తకం కోసం నాయిన గల్లా పెట్టె దగ్గర నిలబడేవాళ్ళు. బయట గిరాకీ వరస, లోపల గుమాస్తాల వరస. మనుషులు పెరిగారు, పుస్తకం పెరగలేదు. పైగా నాయినకు మాటిమాటికీ "ఎవరిది? ఎంత? ఏం తీసుకుండు?" అని అడగడంతోనే సగం టైమ్ పోయేది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నా. ఆ దృశ్యం మీద పాతికేళ్ళ తర్వాత ఒక రోజంతా కూర్చుని ఆలోచిస్తానని అప్పుడు అనుకోలేదు.

సరే, ఇక రెండో కథ.

2019. మా కంపెనీలో (పేరు వద్దు లెండి) ఒక సర్వీసు ఉండేది. క్లయింట్లు పంపే పెద్ద పెద్ద బిల్లింగ్ ఫైళ్ళను చదివి, ముక్కలు చేసి, లెక్కలు కట్టి డేటాబేస్‌లో వేయడం దాని పని. ఒకటే ప్రాసెస్, బోలెడన్ని థ్రెడ్లు. పాత మెషీన్ రెండు సాకెట్లది, మొత్తం 16 కోర్లు. లోడ్ పెరిగిందని కొత్తది కొన్నారు. నాలుగు సాకెట్లు, సాకెట్‌కు 24 కోర్లు, హైపర్‌థ్రెడింగ్‌తో కలిపి ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనపడేవి 192 సీపీయూలు. మెమరీ ఒకటిన్నర టెరాబైట్. ఆ మెషీన్ కొనమని రికమెండ్ చేసింది ఎవరనుకుంటున్నారు? నేనే. కొనుగోలు నోట్ మీద నా పేరే ఉంది.

థ్రెడ్ల సంఖ్య కూడా పెంచాం. మామూలు లోడ్‌లో పర్లేదు. నెలాఖరు పీక్ వచ్చేసరికి కొత్త మెషీన్ పాతదాని కన్నా నెమ్మదిగా నడిచింది. మళ్ళీ చదవండి, వేగం సరిపడా పెరగకపోవడం కాదు, తగ్గింది.

అదే రిలీజ్‌లో మా టీమ్ అమ్మాయి రాసిన కొత్త పార్సర్ మాడ్యూల్ కూడా వెళ్ళింది. రెండేళ్ళ అనుభవం, మంచి పనిమంతురాలు. రివ్యూ కాల్‌లో క్లయింట్ వైపు వాళ్ళు, మా మేనేజర్, అందరూ ఉన్నారు. "ఏమైంది?" అని అడిగారు. నేను ఏమాత్రం తడుముకోకుండా "హార్డ్‌వేర్ బానే ఉందండీ, కొత్త మాడ్యూల్ చూడాలి" అన్నాను. అబద్ధం చెప్పాలని అనలేదు. నిజంగానే అలా అనుకున్నా. కానీ అలా అనుకోవడం నాకు చాలా సౌకర్యంగా కూడా ఉంది. ఈ రెండో సంగతి ఒప్పుకోవడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది.

కాల్ అయ్యాక ఆ అమ్మాయి నా డెస్క్ దగ్గరికొచ్చి ఒకటే అడిగింది. "అన్నా, యూజర్ టైమ్ కన్నా సిస్టమ్ టైమ్ ఎక్కువ ఉంది. నా కోడ్ స్లో అయితే యూజర్ టైమ్ కదా పెరగాలి?"

చాలా సరైన ప్రశ్న. నా జవాబు చూడండి: "కెర్నల్ సంగతి మనకెందుకు, ముందు నీ లూపులు చూడు."

ఆ తర్వాత రెండు వారాలు ఆ పిల్ల తన మాడ్యూల్‌ను రెండుసార్లు తిరగరాసింది. రాత్రి పదకొండింటికి కూడా ఆఫీసులో కనపడేది. ఏమీ మారలేదు.

దసరాకి నేను ఊరికొచ్చా. మర్చిపోయి ఉండరు, ఆ ఏడు అక్టోబర్ 5 నుంచి ఆర్టీసీ సమ్మె. పండగ అయ్యాక తిరిగి వెళ్దామంటే బస్సుల సంగతి అగమ్యగోచరం. జీపుల్లో, ప్రైవేటు వాటిల్లో వేలాడుతూ వెళ్ళే ఓపిక లేక నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయా. ఫోన్ హాట్‌స్పాట్, పాత లాప్‌టాప్. అలా కూర్చుని చదవని మెయిళ్ళు చూస్తుంటే, పండక్కి ముందు ఆ అమ్మాయి పంపిన మెయిల్ ఒకటి కనపడింది. తెరవలేదు నేను. పీక్ టైమ్‌లో పెర్ఫ్ టూల్‌తో తీసిన ప్రొఫైల్ అటాచ్ చేసింది. కింద ఒక్క వాక్యం, "వీలైతే చూడండి".

చూశా. సీపీయూల సమయంలో మా కోడ్ వాటా చాలా తక్కువ. పైన ఉన్నవన్నీ కెర్నల్ ఫంక్షన్లు. ఎక్కువ భాగం ఒక లాక్ కోసం గిరగిరా తిరుగుతూ ఎదురుచూడటం. ఆ తర్వాత, వేరే సీపీయూలకు ఏదో కబురు పంపి వాటి జవాబు కోసం ఎదురుచూడటం. అంటే 192 సీపీయూల్లో చాలావరకు పొట్లం చేతిలో పట్టుకుని గల్లా దగ్గర నిలబడి ఉన్నాయన్నమాట.

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ ఒక అడ్రస్ స్పేస్ ఉంటుంది. అందులో ఏ చిరునామా నుంచి ఏ చిరునామా దాకా దేనికి కేటాయించారన్న చిట్టా ఒకటుంటుంది. ఆ చిట్టాకి ఒకటే తాళం. మేం వాడుతున్న 3.10 కెర్నల్లో దాని పేరు ఎమ్‌మ్యాప్ సెమ్. 2020లో వచ్చిన 5.8లో దాన్ని ఎమ్‌మ్యాప్ లాక్ అని మార్చారు. థ్రెడ్లు ఎన్నున్నా ప్రాసెస్ ఒకటే కాబట్టి తాళమూ ఒకటే. కొత్త మెమరీ మ్యాప్ చేయాలన్నా, ఉన్నది వదిలేయాలన్నా ఆ తాళం పూర్తిగా చేతికి రావాలి, ఇంకెవ్వరూ లోపల ఉండకూడదు. పేజ్ ఫాల్ట్ వస్తే మాత్రం చదవడానికే కాబట్టి చాలామంది ఒకేసారి వెళ్ళొచ్చు.

"చదివేవాళ్ళు ఎంతమందైనా వెళ్ళొచ్చు కదా, మరి ఇబ్బందేంటి?" అంటారేమో. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టాలి కదండీ. పుస్తకం చూసే ప్రతివాడూ ముందు అట్ట మీద ఒక గీత గీసి, చూశాక చెరిపేయాలన్నమాట. చదివేది లోపలి పేజీలే అయినా అట్ట మాత్రం చేతులు మారుతూనే ఉంటుంది. ఆ లెక్క ఉన్న క్యాష్ లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి, ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కి పరిగెడుతూ ఉంటుంది. 16 కోర్ల మీద ఇది పెద్దగా తెలీదు. నాలుగు సాకెట్ల మీద బాగా తెలుస్తుంది.

ఇక "కబురు పంపడం" సంగతి. ప్రతి కోర్ దగ్గరా టీఎల్‌బీ అని చిన్న కాపీ ఉంటుంది, ఏ చిరునామా ఏ పేజీకి వెళ్తుందో గుర్తు పెట్టుకోవడానికి. ఒక థ్రెడ్ మెమరీని వదిలేస్తే, ఆ ప్రాసెస్ నడుస్తున్న మిగతా కోర్లన్నిటికీ "మీ దగ్గరున్న పాత కాపీ కొట్టేయండి" అని ఇంటరప్ట్ వెళ్ళాలి. అందరూ "అయింది" అనేదాకా పంపినవాడు ఆగాలి. మా నాయిన చక్కెర ధర మారినప్పుడల్లా ముగ్గురు పిల్లగాళ్ళనూ పేరుపేరునా పిలిచి, వాళ్ళు తలూపేదాకా ఊరుకునేవాడు కాదు. ముగ్గురైతే సరే. 191 మంది అయితే?

కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మా ప్రోగ్రామ్ ఇంత ఘోరంగా మెమరీ మ్యాప్ చేయడం, వదిలేయడం ఎందుకు చేస్తోంది? సిస్టమ్ కాల్స్ లెక్క తీస్తే ఎమ్‌మ్యాప్, మన్‌మ్యాప్ వరద పారుతోంది. మామూలుగా అలా జరక్కూడదు. జీలిబ్‌సీ మాలాక్‌లో 128 కేబీ దాటిన అభ్యర్థనలకు నేరుగా కెర్నల్ దగ్గరికి వెళ్ళాలని ఒక పరిమితి ఉంటుంది. కానీ ప్రోగ్రామ్ అలాంటి పెద్ద ముక్కలను తరచూ తీసుకుని వదిలేస్తుంటే ఆ పరిమితిని అదే పైకి జరుపుకుంటుంది, 64 బిట్ మెషీన్ల మీద 32 ఎంబీ దాకా. ఆ తర్వాత ఆ ముక్కలు తన దగ్గరే ఉంచుకుని తిప్పుతుంది. మా బఫర్లు ఒక ఎంబీ లోపలివే. అంటే ఈ సమస్య ఉండకూడదు.

మరెందుకుంది? స్టార్టప్ స్క్రిప్ట్ తెరిచా. అందులో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఆ పరిమితిని చేత్తో 128 కేబీ అని పెట్టిన లైన్. మాన్యువల్ పేజీలో స్పష్టంగా రాసి ఉంటుంది, ఇలా చేత్తో పెడితే దానంతట అది జరుపుకోవడం ఆగిపోతుందని. ఆ లైన్ పక్కన ఒక కామెంట్. "చిన్న మెషీన్ మీద మెమరీ వాడకం తగ్గించడానికి". తేదీ 2012. కింద ఇనీషియల్స్.

నావే.

ఏడేళ్ళ క్రితం ఒక చిన్న సర్వర్ మీద మెమరీ సరిపోక నేను పెట్టిన లైన్. అప్పుడది సరైన పనే, మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఆ స్క్రిప్టే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి కాపీ అవుతూ వచ్చింది. 16 కోర్ల మీద కూడా ఆ జబ్బు ఉండే ఉంటుంది, తెలిసేంత లేదు. 192 సీపీయూలు, రెండు వందల థ్రెడ్లు వచ్చేసరికి, ప్రతి బఫర్‌కీ ఒకసారి తాళం, ఒకసారి అందరికీ కబురు, మళ్ళీ తీసుకున్న ప్రతి కొత్త పేజీనీ కెర్నల్ సున్నాలతో నింపడం... పాపం ఆ అమ్మాయి లూపులు ఎన్నిసార్లు తిరగరాస్తే ఏం లాభం?

ఆ సాయంత్రం నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. నిజం చెప్పాలంటే, ఆ లైన్ చడీచప్పుడు లేకుండా తీసేసి "ట్యూనింగ్ చేశాం" అని మెయిల్ కొడితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించా. ఎవరికీ తెలిసేది కాదు. కొనుగోలు నోటూ నాదే, ఆ లైనూ నాదే. అప్రైజల్ టైమ్ కూడా.

దుకాణం ఇప్పుడు తమ్ముడు చూసుకుంటాడు, కంప్యూటర్ బిల్లు. నాయిన అరుగు మీద కూర్చుంటాడు. ఏదో మాట్లాడాలని అడిగా, "నాయినా, అప్పట్ల నలుగురున్నా వరస కదలకపోతుండె గదా, తర్వాత ఏం జేసినవ్?"

"చిట్టీలు వెట్టిన. ఎవని కాంటా కాడ వానికి చిట్టీ. పగలంత దాన్ల రాసుకునుడు, రాత్రికి నేను పుస్తకంల ఎక్కిచ్చుడు."

"మరి మంచిగనే అయింది గదా?"

"ఏం మంచి? ఒకాయన పొద్దున ఒకని కాడ, పగటాల ఒకని కాడ, మాపటికి ఇంకొకని కాడ ఉద్దెర తీసుకుండు. ఎవని చిట్టీల జూసినా తక్కువే గొడ్తది. అన్నీ కూడితె హద్దు దాటె. పిల్లగాడు తప్పు రాసిండని వాని మీద ఒర్రిన. వాడు ఏడ్సుకుంట ఇంటికి వొయిండు. రాత్రి కూడి జూస్తె తెలిసె, వాని తప్పేం లేదు. చిట్టీలు వెట్టింది నేనాయె."

"తర్వాత?"

"పొద్దుగాల వాళ్ళింటికి వొయి తోల్కొచ్చిన. అటెన్క రూల్ మార్చిన. హద్దుకు శానా దూరం ఉన్నోళ్ళకు చిట్టీ. హద్దు దగ్గరికొచ్చినోడు ఉంటే పుస్తకం కాడికే రావాలె."

నేను కాసేపు నోరు మూసుకుని కూర్చున్నా. రెండు కారణాలు. ఒకటి, పొద్దున్నే ఆ పిల్లగాడి ఇంటికి వెళ్ళడం. ఇంకోటి, నాయిన చెప్పిన రూల్ అచ్చంగా లినక్స్ కెర్నల్లో ఉంది! పర్ సీపీయూ కౌంటర్ అని ఉంటుంది. ప్రతి సీపీయూ తన చిట్టీలో తను రాసుకుంటుంది, కొంత పోగయ్యాక అసలు లెక్కలో కలుపుతుంది. ఏదైనా హద్దుతో పోల్చాల్సి వస్తే ముందు ఉజ్జాయింపు లెక్క చూస్తుంది. హద్దుకి బాగా దూరంగా ఉంటే అదే చాలు. దగ్గరగా ఉంటేనే అన్ని చిట్టీలూ కూడి కచ్చితమైన లెక్క తీస్తుంది.

ఆ రాత్రే మెయిల్ రాశా. మేనేజర్‌కి, ఆ అమ్మాయికి, రివ్యూ కాల్‌లో ఉన్న అందరికీ. కారణం ఇది, లైన్ ఇది, 2012లో పెట్టింది నేను, సిస్టమ్ టైమ్ గురించి రెండు వారాల క్రితమే తను అడిగితే పట్టించుకోనిది కూడా నేనే అని. లైన్ తీసేశాం. ఆ తర్వాత ఒకటే ప్రాసెస్ బదులు సాకెట్‌కు ఒకటి చొప్పున నాలుగు ప్రాసెస్‌లు చేసి, న్యూమా కంట్రోల్ టూల్‌తో దేన్ని దాని సాకెట్‌కూ దాని మెమరీకీ కట్టేశాం. నాలుగు దుకాణాలు, నాలుగు పుస్తకాలు. తర్వాతి నెలాఖరు పీక్ హాయిగా గడిచింది.

ఇక్కడితో శుభం కార్డు వేద్దామనుకుంటే కుదరదు. ఆ అమ్మాయి రేటింగ్ అప్పటికే ఫైనల్ అయిపోయింది, మార్చలేమన్నారు. నాకు మాత్రం ఏమీ కాలేదు, "నిజాయితీ" అని నలుగురు మెచ్చుకున్నారు కూడా! తర్వాతి ఏడు తను వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నవ్వుతూ అంది, "అన్నా, కెర్నల్ సంగతి మనకెందుకు?" అని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఈ దెబ్బతో నాకు ఈ విషయం మీద పిచ్చి పట్టింది. దొరికినవన్నీ చదివా. చదివే కొద్దీ అర్థమైంది, పెద్ద మెషీన్ల మెమరీ చరిత్ర మొత్తం మా నాయిన పుస్తకం, చిట్టీల కథే అని.

1993లోనే సీక్వెంట్ కంపెనీ ఇంజనీర్లు పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ యూసెనిక్స్‌లో ఒక పేపర్ చదివారు. షేర్డ్ మెమరీ మల్టీప్రాసెసర్ల మీద కెర్నల్ మెమరీ అలొకేటర్ ఎలా ఉండాలని. సారాంశం ఏంటంటే ప్రతి సీపీయూకీ తన సొంత చిన్న నిల్వ ఉంచు, అది అయిపోతేనే అందరి గోదాముకీ వెళ్ళు. మా దుకాణంలో చిట్టీలు వచ్చింది ఆ తర్వాతే, కాబట్టి క్రెడిట్ సీక్వెంట్‌కే ఇవ్వాలి :)

కానీ చిట్టీలకీ ఖర్చుంటుంది. ఎస్‌జీఐలో క్రిస్టఫ్ లామీటర్ వెయ్యి ప్రాసెసర్ల స్థాయి మెషీన్లతో పనిచేస్తూ గమనించిందేమిటంటే, పాత స్లాబ్ అలొకేటర్ ప్రతి సీపీయూకీ ప్రతి నోడ్‌కీ పెట్టే క్యూలకే కొన్ని గిగాబైట్ల మెమరీ పోతోందని. కాంటా పక్కన బస్తాలు పేర్చుకుంటూ పోతే దుకాణంలో నడవడానికి జాగా ఉండదు కదా. అందుకే ఆయన స్లబ్ రాశాడు. 2007లో 2.6.22 కెర్నల్లో వచ్చింది. పాత స్లాబ్‌ను 2024లో 6.8లో పూర్తిగా తీసేశారు.

2010లో ఎమ్ఐటీ వాళ్ళు 48 కోర్ల మెషీన్ మీద ఏడు అప్లికేషన్లు నడిపి చూశారు. ఒక్కటి తప్ప మిగతావన్నీ కెర్నల్లోనే ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నాయి. అప్పటికి చాలామంది "లినక్స్ డిజైనే పనికిరాదు, మొదటి నుంచి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాయాలి" అంటున్నారు. వీళ్ళు మొత్తం 3002 లైన్ల మార్పులతో ఆ ఇరుకులు చాలావరకు వదిలించారు. అందులో వాళ్ళు కొత్తగా పెట్టిన కిటుకు పేరు స్లాపీ కౌంటర్లు. మళ్ళీ చిట్టీలే!

అదే 2010లో జెరెమీ కోల్ రాసిన మైఎస్‌క్యూఎల్ కథ డీబీఏ మిత్రులకు తెలిసే ఉంటుంది. రెండు సాకెట్ల సర్వర్, మొత్తం మీద మెమరీ ఖాళీగానే ఉంది, అయినా స్వాప్ అవుతోంది. కారణం, సగం మెమరీ ఈ సాకెట్‌ది, సగం ఆ సాకెట్‌ది. పెద్ద బఫర్ పూల్‌ను ఒక్క థ్రెడ్ కేటాయిస్తే దాని పక్కనున్న మెమరీయే ముందు నిండిపోతుంది. రోడ్డవతల గోదాములో పది బస్తాలుండగా "చక్కెర లేదు పో" అన్నట్టు. మెమరీని అన్ని నోడ్లకీ సమానంగా పంచమని ఒక్క కమాండుతో చెప్తే సర్దుకుంది. దీనికి చుట్టమే జోన్ రిక్లైమ్ మోడ్. పక్క నోడ్‌లో ఖాళీ ఉన్నా వెళ్ళకుండా, ఇక్కడున్న క్యాష్‌నే పారేసి జాగా చేసుకునే పద్ధతి. కొన్ని మెషీన్లలో అది దానంతట అదే ఆన్ అయ్యేది. 2014లో డీఫాల్ట్‌గా ఆపేశారు.

మరి మా ఎమ్‌మ్యాప్ తాళం? దాన్ని విడగొట్టాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. తాళం పట్టుకోకుండానే పేజ్ ఫాల్ట్ చేద్దామన్న ప్యాచ్‌లు ఏళ్ళకేళ్ళు తిరిగినా మెయిన్‌లైన్‌లోకి రాలేదు. 2022 డిసెంబర్‌లో 6.1తో చిట్టా దాచే పద్ధతి మారింది, రెడ్ బ్లాక్ ట్రీ పోయి మేపుల్ ట్రీ వచ్చింది. లియామ్ హౌలెట్, మాథ్యూ విల్కాక్స్‌ల పని. దాని ఆసరాతో గూగుల్ ఇంజనీర్ సురేన్ బగ్దసార్యన్ 2023లో 6.4 కెర్నల్లో ఒక్కో భాగానికీ ఒక్కో తాళం పెట్టాడు. పుస్తకం మొత్తానికి కాక పేజీకో తాళం అన్నమాట. ఇప్పుడు చాలా పేజ్ ఫాల్ట్‌లకు పెద్ద తాళం అక్కర్లేదు. కొత్తగా మ్యాప్ చేయడానికీ వదిలేయడానికీ మాత్రం ఇంకా కావాలి. అంటే నా 2012 లైన్ ఈనాటి కెర్నల్ మీద పెట్టినా దెబ్బ తగులుతుంది, కాకపోతే కొంచెం తక్కువ.

టీఎల్‌బీ కబురు సంగతి కూడా మెరుగవుతోంది. ఆర్మ్ ప్రాసెసర్లలో ఆ పనిని హార్డ్‌వేరే అందరికీ ఒకేసారి ప్రసారం చేస్తుంది. ఏఎమ్‌డీ కొత్త ప్రాసెసర్లలోనూ అలాంటి ఇన్‌స్ట్రక్షన్ ఉంది, దాన్ని వాడుకునే కోడ్ 2025లో లినక్స్ 6.15లో చేరింది.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే వ్యవహారం అనుకోకండి. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఆశిష్ పన్వర్ ఈ విషయాల మీదే పనిచేశాడు. 2020లో మరికొందరితో కలిసి రాసిన మైటోసిస్ పేపర్ చూడండి. డేటా మన సాకెట్‌లో ఉన్నా, దాని పేజ్ టేబుల్ వేరే సాకెట్‌లో ఉంటే ప్రతిసారీ అక్కడికెళ్ళి రావాలి, కాబట్టి పేజ్ టేబుల్‌కే ప్రతి సాకెట్‌లో ఒక కాపీ పెడదాం అన్నది వాళ్ళ ఆలోచన. ఐబీఎంకి చెందిన శ్రీకర్ ద్రోణంరాజు 2018లో షెడ్యూలర్ న్యూమా బ్యాలెన్సింగ్ మీద పంపిన ప్యాచ్‌లు మెయిన్‌లైన్‌లో ఉన్నాయి. మన సర్వర్ల మీద రోజూ నడిచేది అదే కోడ్.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గర ఒక అలవాటు ఉంది. స్లో అయిందంటే మొదటి మాట "ర్యామ్ పెంచండి". రెండో మాట "కోర్లు పెంచండి". మూడో మాట, టీమ్‌లో అందరికన్నా చిన్నవాళ్ళ కోడ్ వైపు చూపించడం. 2024లో వచ్చిన ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో ఒక్కదాంట్లోనే 192 కోర్లున్నాయి. నా నాలుగు సాకెట్ల మెషీన్‌కు హైపర్‌థ్రెడ్లతో కలిపి ఉన్న లెక్క ఇప్పుడు ఒక్క చిప్‌లో నిజమైన కోర్లుగా వస్తోంది. రేపు మీరు క్లౌడ్‌లో ఒక బటన్ నొక్కి తీసుకునే మెషీన్ అదే. పాత స్క్రిప్టులు దాని మీదకి కాపీ అవుతాయి, ఎవరివో ఇనీషియల్స్‌తో సహా.

కాబట్టి చిన్న మనవి. మెషీన్ కొనేముందు యూజర్ టైమ్ ఎంత, సిస్టమ్ టైమ్ ఎంత చూడండి. సిస్టమ్ టైమ్ ఎక్కువైతే పెర్ఫ్ పెట్టి ఏ తాళం దగ్గర వరస ఉందో చూడండి. మెమరీ ఏ నోడ్‌లో ఉందో న్యూమా స్టాట్‌తో చూడండి, థ్రెడ్లు ఏ నోడ్‌లో ఉన్నాయో కూడా చూడండి. కాపీ కొట్టిన స్టార్టప్ స్క్రిప్టులో ప్రతి లైన్ ఎందుకుందో అడగండి. ఇంకోటి, జూనియర్ పంపిన అటాచ్‌మెంట్ తెరవండి. నాకు ఆర్టీసీ సమ్మె రావాల్సొచ్చింది.

నాయిన ఎర్ర అట్ట పుస్తకాలు ఇంకా అటక మీద ఉన్నాయి. మొన్న ఊరికెళ్ళినప్పుడు 1994 నాటిది దింపి చూశా. ఒక పేజీలో అడ్డంగా కొట్టేసి, పక్కన తిరిగి రాసి ఉంది. కింద నాయిన చేతిరాతలో రెండే మాటలు.

"తప్పు నాది."